గీతలు నిండుగా ఉన్నా వైఫై ఎందుకు తెగిపోతుంది?

మే నెలాఖరు. మనం రోహిణి కార్తె అంటాం, రాయ్‌పూర్‌లో నౌతపా అంటారు. రోళ్ళు పగిలే ఎండ మాత్రం రెండు చోట్లా ఒకటే. రైల్వే ఉద్యోగం వల్ల మా అక్కావాళ్ళు ఆ ఊళ్ళో స్థిరపడి చాలా ఏళ్ళయింది. నేను వెళ్ళిన సాయంత్రం అక్క కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని మాక్ టెస్ట్ రాస్తోంది. మూడు గంటల పరీక్ష. సగం దాటాక తెర మీద ప్రశ్న అలాగే నిలిచిపోయింది. చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. పైన గడియారం మాత్రం ఆగలేదు.

“చూడు పిన్నీ, వైఫై గీతలు అన్నీ నిండుగానే ఉన్నాయి. అయినా పోయింది. ఈ వారంలో ఇది మూడోసారి” అంది.

ఇంకో పది రోజుల్లో ఒక విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షను ఆ అమ్మాయి ఇదే గదిలో, ఇదే కంప్యూటర్ మీద, కెమెరా ముందు కూర్చుని రాయాలి. మధ్యలో కనెక్షన్ పోతే మళ్ళీ లోపలికి రానిస్తారో లేదో తెలియదు. బావ అప్పటికే ఇంటర్నెట్ కంపెనీకి నాలుగుసార్లు ఫిర్యాదు చేశారు. మనిషి వచ్చి రౌటర్ మార్చి వెళ్ళాడు. ఎవరో చెబితే సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే రిపీటర్ ఒకటి కొని ఆ గదిలో పెట్టారు. గీతలు పెరిగాయి, తెగిపోవడం తగ్గలేదు. పోయిన ఏడాది ఎండాకాలంలోనూ ఇలాగే ఉండేదనీ, జూన్‌లో మెకానిక్ వచ్చి వెళ్ళాక బాగుపడిందనీ అక్క చెప్పింది. ఈ ‘జూన్‌లో బాగుపడింది’ అన్న మాటను గుర్తుంచుకోండి, దానికి మళ్ళీ వద్దాం.

ఇలాంటి ఇబ్బంది లేని ఇల్లు ఇప్పుడు తక్కువే. దీనికి మనం చేసే వైద్యం కూడా ఒకటే: రౌటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయడం. ఒక్కోసారి పని చేస్తుంది. ఎందుకు పని చేసిందో తెలియదు కాబట్టి మళ్ళీ ఎప్పుడు చెడుతుందో కూడా తెలియదు. నిజానికి వైఫై అంటే ఇంట్లో జరిగే ఒక రేడియో ప్రసారం. దాని జబ్బులు భౌతికశాస్త్రానికి బాగా తెలిసినవే.

ముందు ఏ దారి తెగింది?

మన కంప్యూటర్ నుంచి బయటి ప్రపంచానికి రెండు దారులు ఉన్నాయి. కంప్యూటర్ నుంచి రౌటర్ దాకా గాలిలో రేడియో తరంగాల దారి ఒకటి. రౌటర్ నుంచి కంపెనీ దాకా ఫైబర్ లేదా కేబుల్ దారి రెండోది. రెండింటిలో ఏది తెగినా తెర మీద అదే చక్రం తిరుగుతుంది. అందుకే చాలామంది మొదటి దారిలోని లోపానికి రెండో దారివాళ్ళను తిడుతుంటారు.

రెండింటినీ విడదీసే సాధనం ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది. పేరు పింగ్. అమెరికాకు చెందిన మైక్ మూస్ 1983 డిసెంబరులో రాసిన చిన్న ప్రోగ్రామ్ ఇది. జలాంతర్గాములు శబ్దాన్ని పంపి ప్రతిధ్వని వినే పద్ధతిని చూసి ఆ పేరు పెట్టాడు. ఇదీ అదే పని చేస్తుంది: అవతలి యంత్రానికి ఒక చిన్న సందేశం పంపి, జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెబుతుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆంగ్లంలో పి, ఐ, ఎన్, జి అక్షరాలు కొట్టి, ఒక ఖాళీ వదిలి రౌటర్ చిరునామా ఇవ్వాలి. చిరునామా సాధారణంగా రౌటర్ అడుగున అంటించిన చీటీ మీద ఉంటుంది. చాలా ఇళ్ళలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. చివర ఒక ఖాళీ, చిన్న అడ్డగీత, టి అక్షరం చేరిస్తే మనం ఆపేదాకా సుమారు సెకనుకొకటి చొప్పున అడుగుతూనే ఉంటుంది.

రౌటర్ ఉన్నది ఇంట్లోనే. ఈ సందేశం కంపెనీ దాకా వెళ్ళనే వెళ్ళదు. కాబట్టి జవాబులు వరుసగా కొద్ది మిల్లీసెకన్లలో వస్తుంటే గాలిదారి బాగున్నట్టు, లోపం బయట ఉన్నట్టు. అక్క ఇంట్లో అలా జరగలేదు. 3, 4, 3, ఒక్కసారిగా 600, తర్వాత జవాబే లేదు. మళ్ళీ 5. బావను పిలిచి చూపించాను. కంపెనీకి ఐదో ఫిర్యాదు చేయాల్సిన అవసరం అక్కడితో తీరింది.

ఇంకో చిన్న పరీక్ష కూడా చేశాం. అదే బల్ల మీద నా ఫోన్ పెట్టి అదే వైఫైతో వీడియో నడిపించాను. అప్పుడప్పుడు తడబడింది కానీ ఇంత ఘోరంగా లేదు. అంటే తప్పు కొంత దారిలో ఉంది, కొంత కంప్యూటర్ దగ్గరే ఉంది. ఇద్దరు దొంగలున్న ఇల్లు అన్నమాట. ఒకణ్ణి పట్టుకుని ఊరుకుంటే దొంగతనాలు ఆగవు.

వంద కోట్లలో ఒక వంతు

ఇంట్లో రౌటర్ వెదజల్లే రేడియో శక్తి సుమారు 100 మిల్లీవాట్లు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునే కరెంటులో తొంభయ్యో వంతు. అది అన్ని దిక్కులకూ పరుచుకుంటుంది. దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది ఖాళీ ప్రదేశంలో లెక్క. గోడలు అడ్డొస్తే ఇంకా తగ్గుతుంది.

ఇంత పెద్ద తేడాలను ఇంజనీర్లు డెసిబెల్ లెక్కలో చెప్పుకుంటారు. పది డెసిబెల్ తగ్గితే శక్తి పదో వంతు, ఇరవై తగ్గితే నూరో వంతు. ఒక మిల్లీవాట్‌ను సున్నా అనుకుంటే రౌటర్ దగ్గర శక్తి +20. పక్క గదిలో కంప్యూటర్‌కు అందేది తరచు −70 ప్రాంతం. మధ్య తేడా 90 డెసిబెల్, అంటే పంపినదాంట్లో వంద కోట్లలో ఒక వంతు. వైఫై ఎందుకు తెగిపోతుందని అడుగుతాం గానీ, అసలు ఎలా పని చేస్తోందన్నదే నన్నడిగితే పెద్ద ఆశ్చర్యం.

తెర మీద కనిపించే గీతలు చాలావరకు ఈ అందిన బలానికి గుర్తులు. ఎంత బలానికి ఎన్ని గీతలన్నది ఆయా తయారీదారుల ఇష్టం. ఫోన్‌లో వైఫై అనలైజర్ లాంటి యాప్ పెట్టుకుంటే గీతలకు బదులు అంకె కనిపిస్తుంది. −50 అంటే చాలా బాగుంది, −67 దాకా వీడియో కాల్‌కు సరిపోతుంది, −80 అంటే కష్టం.

రిపీటర్ ఆపేసి, ఆ యాప్‌తో ఇల్లంతా తిరిగాను. రౌటర్ వీధి వైపు గదిలో ఉంది. మధ్యలో చిన్న వాకిలి. అమ్మాయి గది వాకిలికి అవతల. గది మధ్యలో −78. రెండడుగులు తలుపు వైపు జరిగితే −66. రెండడుగులకు పన్నెండు డెసిబెల్, అంటే పదహారు రెట్లు! కారణం కళ్ళ ముందే రొద పెడుతోంది. వాకిలి వైపు కిటికీలో బిగించిన కూలర్.

మధ్య భారతంలో ఎండాకాలం కూలర్ లేని ఇల్లు అరుదు. పొడి వేడిలో తడి మెత్తల గుండా గాలి వెళ్తే నీరు ఆవిరై గాలి చల్లబడుతుంది. కానీ రేడియో తరంగం దృష్టిలో కూలర్ అంటే ఇనుప రేకు డబ్బా, దాని లోపల నీళ్ళు. రేకు తరంగాన్ని వెనక్కి కొడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం లోహంలోకి మిల్లీమీటరులో వెయ్యో వంతు మించి చొరబడలేదు. అంచుల నుంచి తప్పించుకుని వచ్చినదాన్ని తడి మెత్తలు మింగుతాయి. గది ఉష్ణోగ్రత దగ్గర నీటిలో రెండు సెంటీమీటర్లు కూడా వెళ్ళకుండానే ఈ తరంగం శక్తి మూడో వంతు స్థాయికి పడిపోతుంది.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. 2.4 గిగాహెర్ట్జ్ నీటి అణువుల సహజ పౌనఃపున్యమనీ, అందుకే మైక్రోవేవ్ పొయ్యి అక్కడ పని చేస్తుందనీ పాఠాల్లో కూడా చెబుతుంటారు. కాదు. ద్రవరూపంలోని నీటికి శోషణ శిఖరం దానికి చాలా పైన, 20 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. 2.4 దగ్గర నీరు మధ్యస్థంగానే మింగుతుంది. పొయ్యికి అదే మేలు. లేకపోతే కూర పైపొర మాడి లోపల చల్లగా ఉండిపోతుంది.

ఇప్పుడు జూన్ సంగతి. రాయ్‌పూర్‌కు రుతుపవనాలు జూన్ మధ్యలో వస్తాయి. గాలిలో తేమ పెరిగాక కూలర్ పని చేయదు. బావ దాన్ని కిటికీలోంచి దించి మేడ మీద మూలన పెట్టేస్తారు. పోయిన ఏడాది బాగుచేసింది వాన. పేరు మెకానిక్‌కు వచ్చింది.

రిపీటర్ ఎందుకు ఆదుకోలేదో కూడా దీంతో తెలిసింది. అది కూలర్‌కు ఇవతల, అమ్మాయి బల్ల పక్కనే ఉంది. కంప్యూటర్ చూపించే గీతలు రిపీటర్‌కూ తనకూ మధ్య ఉన్న నాలుగడుగుల దారివి. రౌటర్ నుంచి రిపీటర్‌కు అందేది ఆ బలహీనమైన సంకేతమే. వినపడని మాటను గట్టిగా తిరిగి చెప్పమంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు? పైగా ఒకే పౌనఃపున్యంలో విని మళ్ళీ అందులోనే పలికే చవక రిపీటర్‌తో వేగం సగానికి పడిపోతుంది. అలాంటిదాన్ని సిగ్నల్ బాగున్న చోటుకీ లేని చోటుకీ నడుమ పెట్టాలి. లేని చోట పెట్టకూడదు.

రౌటర్ లేదా కంప్యూటర్ యాంటెనా కొంచెం జరిపితే బాగుపడటం మీరూ చూసే ఉంటారు. అదేమీ చేతబడి కాదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు. గోడలకూ బీరువాకూ తగిలి వచ్చిన ప్రతిధ్వనులు నేరుగా వచ్చిన తరంగంతో కలిసి ఒకచోట బలపడతాయి, మరోచోట ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఈ రెండు చోట్ల మధ్య దూరం ఒక్కోసారి మూడు సెంటీమీటర్లే. ఈ ప్రతిధ్వనుల గందరగోళాన్ని దాటే మార్గాల్లో ముఖ్యమైనదొకటి ఆస్ట్రేలియా సంస్థ సీఎస్ఐఆర్ఓ నుంచి వచ్చింది. జాన్ ఓసలివన్ బృందానికి 1996లో దాని మీద అమెరికా పేటెంట్ దక్కింది. ఆయన అంతకుముందు పేలిపోయే చిన్న కృష్ణబిలాల రేడియో సంకేతాల కోసం వెతికిన ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఆ సంకేతాలు దొరకలేదు. వెతకడానికి నేర్చుకున్న గణితం మాత్రం వైఫైకి పనికొచ్చింది.

బలం ఒక్కటే చాలదు

రాయ్‌పూర్ గోల్ బజార్‌లో సాయంత్రం పూట ఎదుటి మనిషి మాట వినపడాలంటే అతని గొంతు పెద్దదైతే చాలదు, చుట్టూ గోల కూడా తగ్గాలి. అదే గొంతు రాత్రి పదకొండింటికైతే వీధి చివరికి వినిపిస్తుంది. 1948లో క్లాడ్ షానన్ దీన్నే గణితంగా రాశాడు: ఒక మార్గంలో సెకనుకు ఎంత సమాచారం పంపగలమన్నది ఆ మార్గం వెడల్పు మీదా, సంకేతానికీ రొదకూ మధ్య నిష్పత్తి మీదా ఆధారపడుతుంది. గీతలు చెప్పేది సంకేతం గురించి. రొద గురించి అవి ఏమీ చెప్పవు. అందుకే అవి నిండుగా ఉన్నా మాట వినిపించకపోవచ్చు.

ఇంట్లోని వైఫైకి వినపడే సహజమైన రొద −95 ప్రాంతంలో ఉంటుంది. కొంత యాంటెనా ఉష్ణోగ్రత నుంచి వచ్చేది, కొంత ఎలక్ట్రానిక్స్‌ది. −70 సంకేతం దానికి 25 డెసిబెల్ ఎత్తున ఉంది కాబట్టి పని జరిగిపోతుంది. రొద −75కు పెరిగిందనుకోండి. ఎత్తు అయిదే మిగిలింది. గీతలు మాత్రం కదలవు.

రెండో దొంగ అక్కడ దొరికాడు. అమ్మాయిది డెస్క్‌టాప్. వైఫై కోసం వెనకవైపు బొటనవేలంత డాంగిల్ గుచ్చారు. దాని పక్క పోర్టులోనే పాఠాల వీడియోలున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. ఆ పోర్టు నీలం రంగులో ఉంది, అంటే యూఎస్‌బీ 3.0. అందులో సమాచారం సెకనుకు 500 కోట్ల బిట్ల వేగంతో పరుగెడుతుంది. అంత వేగంగా మారే విద్యుత్ సంకేతం తీగ నుంచి, ప్లగ్గు నుంచి విశాలమైన పట్టీలో రేడియో రొదగా కారుతుంది. అందులో 2.4 గిగాహెర్ట్జ్ కూడా ఉంది. ఇది నా ఊహ కాదు, ఇంటెల్ సంస్థ 2012లో తన పత్రంలో కొలిచి చూపించింది. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ తగిలించినప్పుడు దగ్గరలో రొద మట్టం దాదాపు 20 డెసిబెల్, అంటే వంద రెట్లు పెరిగింది. వైర్‌లెస్ మౌస్ కూడా ఇదే పట్టీలో పని చేస్తుంది. హార్డ్ డిస్క్ పెట్టగానే మౌస్ తడబడితే అనుమానించాల్సింది దీన్నే.

హార్డ్ డిస్క్ పీకేశాం, మరి దేన్నీ ముట్టుకోలేదు. రౌటర్‌కు పింగ్‌లు పోవడం అప్పటికప్పుడు బాగా తగ్గింది. మళ్ళీ గుచ్చాం, మళ్ళీ పోవడం మొదలైంది. రెండోసారి గుచ్చి చూడటం ముఖ్యం. లేకపోతే మన పరిస్థితీ పోయిన ఏటి మెకానిక్ పరిస్థితే. డిస్క్ కావాలి, వైఫై కావాలి కాబట్టి వంద రూపాయల్లో దొరికే యూఎస్‌బీ పొడిగింపు తీగతో డాంగిల్‌ను మీటరు దూరం తెచ్చి బల్ల పైన నిలబెట్టాం. ఇనుప క్యాబినెట్ చాటు నుంచి కూడా బయటపడింది. మీకు 5 గిగాహెర్ట్జ్ డాంగిల్ ఉంటే ఈ బాధే ఉండదు. కానీ ఆ తరంగం గోడల దగ్గర ఇంకా త్వరగా నీరసిస్తుంది.

వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పని చేస్తుంది. తలుపు సందుల్లోంచి బయటికి కారేది చాలా కొద్దే. కానీ లోపల ఎనిమిది వందల వాట్లు ఉంటే ఆ కొద్దే మన రౌటర్‌కు పోటీ. దీన్ని తక్కువగా చూడకండి. ఆస్ట్రేలియాలోని పార్క్స్ వద్ద 64 మీటర్ల రేడియో టెలిస్కోప్‌కు 1998 నుంచీ అప్పుడప్పుడు వింత మెరుపుల్లాంటి సంకేతాలు అందేవి. అవి పనివేళల్లోనే రావడం అనుమానం పుట్టించింది. 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం కారణం పట్టుకుంది: టైమర్ అయిపోకముందే ఎవరో అక్కడి మైక్రోవేవ్ పొయ్యి తలుపు తెరవడం. వాళ్ళూ చేసింది ఇదే, పొయ్యి తలుపు తీసి చూశారు, సంకేతం వచ్చింది.

ఇరుగుపొరుగు

పరిశ్రమలు, విజ్ఞానం, వైద్యం కోసం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని విడిగా ఉంచాలని 1947లో అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. అమెరికా 1985లో అందులో లైసెన్స్ లేని రేడియో సంభాషణలకు అనుమతిచ్చింది. మన దేశంలో తక్కువ శక్తి పరికరాలకు 2005లో లైసెన్స్ తీసేశారు. 5 గిగాహెర్ట్జ్‌లో విశాలమైన చోటు 2018లో తెరిచారు. లైసెన్స్ లేని చోటు అంటే సంతలో చోటు లాంటిది. ఎవరైనా రావచ్చు, ఎవరికీ హక్కు లేదు.

మన దగ్గర 2.4లో 13 ఛానెళ్ళు ఉన్నాయి కానీ అవి అయిదేసి మెగాహెర్ట్జ్ దూరంలో ఉన్నాయి. ఒక్కో రౌటర్‌కు కావలసింది ఇరవై. కాబట్టి ఒకదానికొకటి తగలకుండా కూర్చోగలిగినవి 1, 6, 11 మాత్రమే. చాలామంది తెలివిగా ఎవరూ లేని 3నో 8నో ఎంచుకుంటారు. దాంతో అందరికీ చెడుపు. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకరి మాట ఒకరు గుర్తుపట్టి వంతులవారీగా మాట్లాడుకుంటాయి. సగం సగం కలిసే ఛానెళ్ళలో పక్కింటి మాట మాటగా వినపడదు, రొదగా వినపడుతుంది. అక్కావాళ్ళ రౌటర్ 4లో ఉంది. ఎవరు పెట్టారో బావకు గుర్తులేదు. చుట్టుపక్కల 6 కిక్కిరిసి ఉంది కాబట్టి 11కి మార్చాం. సాయంత్రాలు కాస్త తేలికపడ్డాయి, అంతకంటే ఎక్కువ చెప్పలేను.

కంప్యూటర్ తన తప్పు తాను చేసే సందర్భాలూ ఉన్నాయి. కరెంటు ఆదా కోసం విండోస్ వైఫై పరికరాన్ని నిద్రపుచ్చుతుంది. కాసేపు వదిలేసి తిరిగి వచ్చినప్పుడే కనెక్షన్ పోతుంటే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం పవర్ మేనేజ్‌మెంట్ పేజీకి వెళ్ళి ఆ టిక్కు తీసేయాలి. ఇక రౌటర్ విషయానికొస్తే, చాలా ఇంటి రౌటర్లు 40 డిగ్రీల వరకే పని చేస్తామని తమ కాగితాల్లో రాసుకుంటాయి. రాయ్‌పూర్‌లో మే నెల బయటి ఎండ 44, 45. మా అక్క రౌటర్‌ను దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, టీవీ పెట్టె మీద, మూసిన అరలో పెట్టింది. గుడ్డ తీయించాను. అరలోంచి తీయించడానికి కొంచెం గొడవైంది.

అన్నీ అయ్యాక మళ్ళీ పింగ్ పెట్టి పది నిమిషాలు చూశాం. వందకు ఒకటీ అరా పోతున్నాయి. వీడియో చూడటానికి ఇబ్బంది లేదు. మూడు గంటల పరీక్షకు, కెమెరా ముందు? నేనైతే నమ్మను. కదలని కంప్యూటర్‌కు వైఫై ఎందుకన్నది నా మొదటి నుంచీ ఉన్న అభిప్రాయం. ఈథర్నెట్ తీగ 100 మీటర్ల దాకా పని చేస్తుంది. దానికి కూలర్ అడ్డు రాదు, పక్కింటి రౌటర్‌తో తగాదా లేదు. బావ ఇరవై మీటర్ల తీగ కొనుక్కొచ్చి వాకిలి గోడ వెంట మేకులతో బిగించారు. ఆ తర్వాత పింగ్ ఒకటి, ఒకటి, ఒకటి మిల్లీసెకను అని విసుగు పుట్టేలా చెబుతూ పోయింది.

పరీక్ష అయ్యాక అక్క ఫోన్ చేసింది. మధ్యలో గాలివాన వచ్చి కరెంట్ పోయిందట. కంప్యూటర్ ఇన్వర్టర్ మీద నడిచింది. రౌటర్ ప్లగ్గు మాత్రం ఇన్వర్టర్ లైనులో లేదు. నలుగురం అంతసేపు కూర్చున్నా ఎవరికీ తట్టలేదు. బావ పరుగెత్తి వేరే ప్లగ్గులో పెట్టారు, రౌటర్ లేచి నిలబడటానికి రెండు నిమిషాలు పట్టింది. అదృష్టవశాత్తూ పరీక్షలోకి మళ్ళీ రానిచ్చారు. ఇప్పుడు రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ తగిలించారు. కూలర్ ఇంకా కిటికీలోనే ఉంది.